సూది ఎవరి చేతిలో ఉంది? (ఏడో భాగం)

ఏప్రిల్ 14 ఊరేగింపు అయిపోయిన రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డిగ్రీ ఆఖరి సంవత్సరం, హాస్టల్ పిల్లాడు. "అక్కా, ఒకటి అడుగుతాను, నవ్వకూడదు" అన్నాడు.

ఊరేగింపు మొదలైన చోట ఒకాయన నీలం జెండాలు, బ్యాడ్జీలతో పాటు స్టిక్కర్ టాటూలు కూడా అమ్ముతున్నాడట. బాబాసాహెబ్ ముఖం, కింద 'జై భీమ్'. ఇరవై రూపాయలు. చేతి మీద పెట్టి తడిగుడ్డతో అర నిమిషం అదిమితే అంటుకుంటుంది. మా తమ్ముడు అది వేయించుకున్నాడు. వాడి రూమ్మేట్లు ఇద్దరు అంతకు ముందు వారమే టౌనుకు పోయి మిషన్ టాటూ వేయించుకొచ్చారు. ఇంక చూడండి ఎగతాళి. "నీ అంబేద్కరిజం మూడు స్నానాలకి పోద్ది రా" అని వాళ్లు. వీడికి నవ్వలేక, కోపం తెచ్చుకోలేక చచ్చే చావు.

"కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నానక్కా, అందుకే వేయించుకోలేదు. నేను పిరికోణ్ణా?" అని అడిగాడు.

"కాదులే, పడుకో" అని ఫోన్ పెట్టేయొచ్చు. కానీ వాడు అడిగిన తీరు చూస్తే ఆ మాటతో వాడికి నిద్ర పట్టేలా లేదు. నాకూ పట్టలేదు. అందుకే ఈ వారం రాద్దామనుకున్నది పక్కన పెట్టి, వాడికీ ఆ ఇద్దరికీ కలిపి ఇది రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ముందు మా ఇంట్లో సంగతి చెప్తాను.

మా అమ్మ ఎడం చేతి మీద, మణికట్టుకి నాలుగు వేళ్ల పైన, ఒక సిలువ ఉండేది. అమ్మకి ఎనిమిదేళ్లప్పుడు పల్లెకి వచ్చిన ఎరుకలామె చేత అమ్మమ్మ దగ్గరుండి పొడిపించింది. పసుపు, అవిసాకు వత్తిలో చుట్టి కాల్చి, ఆ మసి గీకి, చనుబాలతో కలిపి, సూదుల కట్టతో పొడిచారట. అమ్మమ్మకి గడ్డం మీద మూడు చుక్కలు, చేతి మీద తేలుబొమ్మ. "బంగారమైతే షావుకారు తాకట్టు పెట్టించుకుంటాడు, దొంగోడు గుంజుకుంటాడు. ఇది మటుకు నాతోనే కాటికొస్తదే" అనేది. మెడలో పసుపు తాడు తప్ప ఏమీ లేని మనిషికి అదే నగ.

నేను పదో తరగతి పాసయ్యాక కుల సర్టిఫికెట్ కావాల్సొచ్చింది. విచారణకి ఒకాయన మా వాడకి వచ్చాడు. మే నెల. ఆయన రావడానికి ముందు అమ్మ నాన్న ఫుల్ హ్యాండ్స్ చొక్కా తీసి చీర మీద తొడుక్కుంది, మిరప చేలోకి పోయేటప్పుడు తొడుక్కుంటుందే, అలాగ. మణికట్టు దగ్గర బొత్తాం పెట్టుకుంది. ఆయన నులక మంచం మీద కూర్చుని, నీళ్లు మాత్రం తాగకుండా, "చర్చికి పోతారా మీరు?" అని అడిగాడు. "కూలికి పోతామయ్యా" అంది అమ్మ.

సర్టిఫికెట్ వచ్చింది. ఆ రాత్రి అమ్మ దొడ్లో కూర్చుని సున్నం, బట్టల సబ్బు కలిపి ఆ సిలువ మీద రుద్దడం చూశాను. ఎందుకమ్మా అంటే, "నీ చెల్లి సర్టిఫికెట్ ఇంకా ఉందిగా" అంది. తోలు ఊడింది. పుండు పడింది. మానిన తర్వాత చూస్తే సిలువ అక్కడే ఉంది, కాస్త మసకబారి, అంతే.

కుర్రవాళ్లకి ఈ లెక్క తెలియకపోవచ్చు కాబట్టి చెప్తాను. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కానివాడు ఎస్సీ కాడు అన్నారు అందులో. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ బయటే ఉండిపోయారు. మన దగ్గర క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలని బీసీ-సీలో పెట్టారు, ఒక్క శాతం. ఊరి బావి దగ్గర, టీ కొట్టు దగ్గర, పొలం గట్టు మీద సిలువ చూసి ఎవడూ మమ్మల్ని వేరే కులంగా చూడలేదు. కాగితం మీద మాత్రం ఆ నాలుగు వేళ్ల గుర్తు మా చదువులు పోగొట్టేదే. అమ్మ ప్రేమతో వేయించుకున్న గుర్తుని అమ్మే దాచుకోవాల్సి వచ్చింది.

అందుకే పచ్చబొట్టు గురించి ఎవరైనా "ధైర్యం ఉంటే శాశ్వతంగా వేయించుకో" అంటే నాకు ముందు ఆ సున్నం వాసన వస్తుంది.

ఇప్పుడు చరిత్రలోకి పోదాం.

1991లో ఇటలీ, ఆస్ట్రియా సరిహద్దు మంచుకొండల్లో ఒక శవం దొరికింది. సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి. ఓట్జి అని పేరు పెట్టారు. ఒంటి మీద 61 గుర్తులు లెక్కపెట్టారు, అన్నీ గీతలూ అడ్డగీతలూ. ఎక్కువగా నడుము, మోకాళ్లు, చీలమండల దగ్గర. అరిగిపోయిన కీళ్లకి వైద్యంగా పొడిపించుకుని ఉండొచ్చని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. అంటే మనిషి తన నొప్పికి తాను సూది పట్టుకున్న కాలం అంత పాతది. 'టాటూ' అనే మాట పసిఫిక్ దీవుల 'తతావ్' నుంచి వచ్చింది. 1769లో కెప్టెన్ కుక్ ఓడ తహితి దీవికి పోయినప్పుడు ఇంగ్లీషువాళ్లు ఆ మాట మోసుకొచ్చారు.

ఇంకో మాట ఉంది. దీన్ని రాసిపెట్టుకోండి. మనం సభల్లో, వ్యాసాల్లో 'స్టిగ్మా' అంటుంటాం, కులం ఒక స్టిగ్మా అని. ఆ మాట గ్రీకుది. పొడిచి వేసిన గుర్తు అని దాని మొదటి అర్థం. గ్రీకులూ రోమన్లూ పారిపోయి దొరికిన బానిసలకీ, నేరస్తులకీ ఆ గుర్తు వేసేవాళ్లు. కళంకం అన్న మాట పుట్టిందే సూది మొన దగ్గర.

మన దేశంలో ఈస్టిండియా కంపెనీ అదే పని చేసింది. 1797లో బెంగాల్‌లో ఒక రెగ్యులేషన్ తెచ్చి, యావజ్జీవ శిక్ష పడిన ఖైదీల నుదుటి మీద వాళ్ల నేరం పేరు పచ్చబొట్టుగా పొడిపించింది. గోద్నా అనేవాళ్లు. ఉత్తరాది ఆడవాళ్లు అందం కోసం, ఆచారం కోసం పొడిపించుకునే దానికి ఏ పేరుందో అదే పేరు. 1849లో రద్దు చేసేదాకా అది నడిచింది. ఆ రాత కనబడకుండా ఖైదీలు తలపాగా కిందికి లాక్కుని కట్టుకునేవాళ్లని చరిత్రకారులు రాశారు. మనవాళ్లు కష్టం వస్తే "నుదుటి రాత" అని ఊరుకుంటారే, కంపెనీ వాడు దాన్ని నిజంగానే రాశాడు. తలపాగా అంచు, మా అమ్మ చొక్కా చేయి, రెండూ ఒకే పని చేశాయి.

1849లో పోయింది కదా అని ఊపిరి పీల్చుకోకండి. 1993లో అమృత్‌సర్‌లో పోలీసులు నలుగురు ఆడవాళ్ల నుదుటి మీద 'జేబ్‌కత్రీ' అని, అంటే జేబుదొంగ అని, పచ్చబొట్టు పొడిపించారు. రాజ్యాంగం వచ్చిన 43 ఏళ్లకి. ఆ పోలీసులకి సీబీఐ కోర్టు శిక్ష వేసింది 2016లో. ఇరవై మూడేళ్లు ఆ ఆడవాళ్లు అద్దంలో ఏం చూసుకుని ఉంటారో ఆలోచించండి.

సూది పట్టుకున్న వాళ్ల సంగతి కూడా చూడాలి. అమ్మమ్మకి తేలుబొమ్మ పొడిచిన ఎరుకలామె బుట్టలల్లేది, సోది చెప్పేది, పచ్చలు పొడిచేది. 1871 నాటి నేరస్త జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చాక ఎరుకల వాళ్లని పుట్టుదొంగలుగా జాబితాలో ఎక్కించారు. ఆ చట్టం కింద వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు. 1913లో బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి ఆడవాళ్ల చేతులన్నిటి మీదా పూలూ లతలూ పొడిచిన జాతి వేళ్లకి సర్కారు సిరా పూసింది. మ్యూజియంలో, ఫ్యాషన్ పత్రికలో "జానపద కళ" అని పచ్చబొట్టు ఫొటో పెట్టేవాళ్లు ఈ మాట రాయరు. మనం రాయాలి.

మనవాళ్లు సూదిని తమ చేతిలోకి తీసుకున్న కథ కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 1890ల్లో చమార్ కులంలో పుట్టిన పరశురామ్ అనే ఆయన తన ఒంటి మీద రాముడి పేరు రాయించుకున్నాడు. గుడిలోకి రానివ్వరు కదా, సరే, నా ఒళ్లే గుడి అన్నాడు. రామ్‌నామీలు అలా పుట్టారు. ముఖం, కనురెప్పలు, నెత్తి, ఒళ్లంతా ఆ ఒక్క పేరే రాయించుకున్నవాళ్లున్నారు. ఆ ధైర్యానికి నేను దండం పెడతాను. కానీ నా మనసులో ఉన్న మాటా చెప్పాలి. తలుపు మూసిన వాడి దేవుణ్ణి నా తోలు మీద మోయడం నాకు ఒప్పదు. బాబాసాహెబ్ కూడా 1930లో నాసిక్ కాలారామ్ గుడి ముందు పోరాడాడు. తలుపు తీయలేదు. 1935లో యేవలాలో హిందువుగా చావనన్నాడు, 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఇప్పటి రామ్‌నామీ పిల్లలు ఒళ్లంతా వేయించుకోవడం మానేశారు. నుదుటి మీదో చేతి మీదో చిన్నగా వేయించుకుంటారు, లేదా అసలు వేయించుకోరు. చదువుకి, పనికి పట్నం పోవాలి కదా. వాళ్లు తాతల్ని మర్చిపోయారని నేననను. తాతలు గెలిచి ఇచ్చిన దానితో ముందుకు పోతున్నారంటాను.

ఇక స్టిక్కర్ దగ్గరికి వద్దాం. ఎందుకు ఒకటి పోతుంది, ఒకటి పోదు?

మిషన్ సూది తోలు పైపొరని దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉండే డెర్మిస్‌లో రంగు పెడుతుంది. ఏదో బయటిది వచ్చిందని మన రోగనిరోధక కణాలు పరిగెత్తుకొచ్చి దాన్ని మింగుతాయి. అరిగించుకోలేవు. 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూసి చెప్పిందేమిటంటే, ఆ కణం చచ్చిపోతూ రంగుని వదిలితే పక్కనే పుట్టిన కొత్త కణం దాన్ని మళ్లీ మింగుతుంది. అలా ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ గుర్తు నిలిచిపోతుంది. పెట్టింది నల్లటి మసే అయినా తోలు కింద నుంచి చూస్తే నీలి పచ్చగా కనబడుతుంది. అందుకే మనకి అది పచ్చబొట్టయింది.

గోరింటాకు అలా కాదు. తోలు పైన చచ్చిన పొర ఉంటుంది, దానికే పడుతుంది రంగు. ఆ పొర రాలిపోతూ ఉంటుంది కాబట్టి రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది. ఆషాఢంలో మన అమ్మలు, అక్కలు రుబ్బి పెట్టుకునేది అదే. స్టిక్కర్ ఇంకా పైపైన, తోలుకి అంటుకున్న సన్నటి పొర. చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చేవి గుర్తున్నాయా, అవే. నాలుగు రోజులు.

ఆ నాలుగు రోజులంటే కుర్రకారుకి ఎందుకంత ఇష్టం? సరదా ఉంది, నొప్పి లేదు, డబ్బు తక్కువ, ఇవన్నీ నిజమే. మన పిల్లల విషయంలో ఇంకోటుంది. రేపు పొద్దున ఎవరి ముందు చేయి చాపి నిలబడాలో వాళ్లకి తెలియదు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ నోటిఫికేషన్ తీసి చదవండి. టాటూ ఉంటే అది ఎడమ ముంజేయి లోపలి వైపో, చేతి వెనకో ఉండాలి, ఎడమ చేయి సెల్యూట్ కొట్టేది కాదు కాబట్టి. ఆ భాగంలో నాలుగో వంతు దాటకూడదు. మత చిహ్నాలూ బొమ్మలూ పేర్లూ అయితే ఒప్పుకుంటారు. మరి మన బాబాసాహెబ్ ముఖం ఏ లెక్కలోకి వస్తుంది? అది ఆ రోజు మెడికల్‌లో ఎదురుగా కూర్చున్న మనిషి తేల్చాలి. పట్నంలో అద్దె ఇంటికి పోయిన వాళ్లనడగండి. చేతి మీద 'జై భీమ్' చూసి "ఇల్లు నిన్ననే ఇచ్చేశామండీ" అన్న మాట వినని వాళ్లు తక్కువ.

చెరిపేసుకోగలగడం ఒక హక్కు. మా అమ్మకి అది లేదు. గోద్నా ఖైదీలకి లేదు. అమృత్‌సర్ ఆడవాళ్లకి లేదు. ఏ గుర్తు, ఎంతకాలం, ఎవరికి కనబడాలి అని తనే తేల్చుకోవడానికి ఇరవై రూపాయల స్టిక్కర్ మా తమ్ముడికి వీలిచ్చింది. దాన్ని వాడు వాడుకున్నాడు. ఇందులో పిరికితనం ఎక్కడుంది?

ఇదంతా విని స్టిక్కరే గొప్పదని అనుకోకండి. దానికీ ఇంకో వైపు ఉంది. కాలేజీ ఫెస్టివల్‌లో 'ట్రైబల్ టాటూ' స్టాల్ పెడతారు. బైగా, గోండు ఆడవాళ్లు చిన్నప్పటి నుంచి రక్తం కారుతుంటే ఓర్చుకుని వేయించుకున్న గీతల్లాంటివి శుక్రవారం అంటించుకుని సోమవారం కడిగేసుకుంటారు. ఆ గీతలు ముఖం మీదున్న కొండ ఆడమనిషి అదే కాలేజీ గేటు దగ్గరికొస్తే వాచ్‌మన్ ఎటు పొమ్మంటాడో మీకు తెలుసు. ఏప్రిల్ 14న మెడలో నీలం కండువా వేసుకుని ఫొటో దిగి, 15న మన పిటిషన్ తీసుకోని నాయకులూ అంతే. వాళ్లకి అన్నీ స్టిక్కర్లే. మనం స్టిక్కర్ కడిగేసుకున్నా ఇంటిపేరు, వాడ పేరు, ర్యాంకు పక్కన కేటగిరీ కాలమ్ అలాగే ఉంటాయి. వాళ్లు కడిగేసుకుంటే ఏమీ మిగలదు. తేడా అదీ.

ఆడపిల్లలకి ఒక మాట. మన ఊళ్లలో పెళ్లాం చేతి మీద మొగుడి పేరు చూశాను, వందల్లో చూశాను. మొగుడి చేతి మీద పెళ్లాం పేరు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2015 బాహుబలి సినిమాలో హీరో నిద్రపోతున్న అవంతిక చేతి మీద ఆమెకి తెలియకుండా బొమ్మ వేస్తాడు, అది ప్రేమ అని చూపించారు. కడిగితే పోయే రంగే కావచ్చు. అడిగాడా లేదా అన్నదే ప్రశ్న. కంపెనీ వాడు అడగలేదు, పోలీసోడు అడగలేదు, ప్రేమించానన్న వాడూ అడగకపోతే ఎట్లా? "నా పేరు వేయించుకో" అని బతిమాలేవాణ్ణి ముందు వాడి చేయి చాపమనండి.

కొన్ని జాగ్రత్తలు. తిరునాళ్లలో 'బ్లాక్ మెహందీ' అని నల్లగా పడే దాన్ని పెట్టించుకోకండి. గోరింటాకు ఎర్రగానే పండుతుంది. అంత నల్లగా పడాలంటే జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలపాలి. బొబ్బలు వస్తాయి, మచ్చ పడుతుంది, ఆ తర్వాత జీవితాంతం హెయిర్ డై కూడా పడకపోవచ్చు. మిషన్ టాటూ వేయించుకునే వాళ్లు కొత్త సూది మీ కళ్లముందు ప్యాకెట్ చింపి తీస్తేనే కూర్చోండి. పాత సూదితో హెపటైటిస్, హెచ్ఐవీ రావచ్చు. రంగు కూడా చిన్న మూతలో మీ కోసం వేరే పోయాలి. అడగడానికి సిగ్గుపడొద్దు.

ఆ రూమ్మేట్లిద్దరికీ చెప్తున్నాను. మీరు వేయించుకున్నది నాకు ఇష్టమే. తాతలకి అడగకుండా గుర్తులేసిన దేశంలో మీకు నచ్చిన పేరు మీరే ఎంచుకున్నారు. దాన్ని తలెత్తి చూపించండి. కానీ దాంతో పక్కవాణ్ణి కొలవకండి. శాశ్వతం అన్న మాట మీద మన వాళ్లకి జరిగింది చాలు. బాబాసాహెబ్ పుస్తకం ఎవరు ఎన్ని పేజీలు చదివారు, మొన్న మెస్ బిల్లుల ధర్నాలో ఎవరు ఎండలో కూర్చున్నారు, అది అడగండి. వాడు కూర్చున్నాడని నాకు తెలుసు.

తమ్ముడూ, నీకు. ఈ దేశంలో ఒక తాత్కాలిక గుర్తుంది, నువ్వు కిందటి ఎన్నికల్లో వేయించుకునే ఉంటావు. 1962 సార్వత్రిక ఎన్నికల నుంచి ఎడమ చూపుడు వేలికి పూస్తున్న సిరా. మైసూరులో తయారవుతుంది. అందులో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, తోలుకి తగిలి వెలుతురు సోకితే నల్లబడుతుంది, గోరు పెరిగి కత్తిరించేదాకా పోదు. షావుకారుకీ అదే చుక్క, ఎరుకలామెకీ అదే చుక్క. మా అమ్మ చివరిసారి ఓటేసొచ్చిన రోజు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోలేదు. వేలు చూపించుకుంటూ వాడంతా తిరిగింది. అదే చేతి మీద ఆ మసకబారిన సిలువ కూడా కనబడుతోంది. ఆ రోజు ఆవిడ దాన్ని దాచుకోలేదు.

నువ్వు ఉద్యోగం తెచ్చుకో. యూనిఫాం వేసుకున్నాక, నీకు అనిపిస్తే, ఎడం చేతి లోపలి వైపు చిన్నగా వేయించుకో. అనిపించకపోతే వచ్చే ఏప్రిల్ 14కి ఇంకో ఇరవై రూపాయలు పట్టుకురా. నాకూ ఒకటి అంటిద్దువుగాని.

వచ్చే భాగంలో హాస్టల్ ట్రంకుపెట్టె గురించి రాస్తాను. మీ ఇంట్లో అమ్మమ్మలకి, నాయనమ్మలకి పచ్చబొట్లు ఉంటే, ఎవరు పొడిచారో, ఎందుకు పొడిపించుకున్నారో వాళ్లున్నప్పుడే అడిగి కింద రాయండి. ఫొటో పెట్టే ముందు వాళ్లని అడగండి.

జై భీమ్.